రాయికి గజ్జి మందు

ఇంగువ కట్టిన గుడ్డ కూడా ఎప్పటికో వాసన వదులుతుంది గానీ, నేను ఆ ఆదివారం కాచిన నూనె వాసన మాత్రం నన్ను ఈనాటికీ వదల్లేదు. చదువుకున్నవాడు పొయ్యి ముట్టిస్తే ఎంత ప్రళయమో చెబుతాను, వినండి.

డెబ్బైల చివర నేను విశాఖలో పరిశోధన వెలగబెట్టేవాణ్ణి. రాగి ఉన్న రాయిని పొడి చేసి, రసాయనంలో మరిగించి రాగిని రాబట్టడం పని. రాగి కాస్త దిగేసరికి ఆ పొడిలోంచే గంధకం పుట్టి, రేణువు రేణువుకీ పసుపు పూసినట్టు పట్టేసేది. ఇక లోపలి రాగి బయటికొస్తే ఒట్టు! "సెలవుల నుంచి వచ్చేసరికి ఆ గంధకాన్ని వదిలించే ఉపాయం చెప్పు" అన్నారు మా గైడు గారు.

రాజోలు దగ్గర మా ఇంట్లో అడుగుపెట్టగానే ఉపాయం తట్టింది. చిన్నప్పుడు మాకు గజ్జి లేస్తే అమ్మ కొబ్బరినూనెలో గంధకం కాచి పూసేది. అంటే వేడి నూనెలో గంధకం కరుగుతుందన్నమాట! కోనసీమలో పుట్టి కొబ్బరినూనెకి కరువా?

ఆ ఆదివారమే సాయంత్రం అమలాపురం నుంచి ఆడపెళ్లివారు నన్నూ, ఇల్లూ వాకిలీ చూసుకోడానికి వస్తామన్నారు. ఆ అమ్మాయి శాంతకుమారి. ఈస్టరు కూడికల్లో పాడుతుంటే చూశాను. చేసుకుంటే ఆమెనే చేసుకోవాలనుకున్నాను. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే తిరిగి తిరిగి కుదిర్చిన సంబంధం.

అమ్మ చర్చికి వెళ్లింది. సాయంత్రం దాకా బోలెడు టైముంది కదాని, గారెలకని తెచ్చిన నూనెంతా మూకుట్లో పోసి విశాఖ నుంచి వెంట తెచ్చుకున్న నా రాతిపొడి కుమ్మరించాను. గంధకం కరిగింది. వీధి చివరికి వాసనా వెళ్లింది. సరిగ్గా అప్పుడే పొద్దున బస్సుకే బయల్దేరొచ్చిన పిల్ల తండ్రి మాస్టారూ, పిల్ల మేనత్త నర్సమ్మగారూ అమ్మతో కలిసి గుమ్మంలోకి వచ్చేరు.

నర్సమ్మగారు ముక్కు ఎగబీల్చి, "ఇంట్లో ఎవరికండీ, గజ్జి?" అన్నారు.

"అబ్బే, ఎవరికీ లేదండి!" అంది అమ్మ, నావైపు ఉరిమి చూస్తూ.

"ఏదీ బాబూ, చేతులోసారి చూపించండి."

చూపించాను. ఏం చూపించాను, నా ఖర్మ! ల్యాబు రసాయనాలకి గోధుమరంగు మరకలు పడి, వేళ్ల సందుల్లో తోలు ఊడిపోతోంది.

"మందు బాగానే కాచేరు. ఎన్నాళ్లనుంచండీ ఇది?"

"నాక్కాదండీ" అన్నాను కంగారుగా, "రాయికండీ!"

"రాయికి గజ్జా?" అన్నారు మాస్టారు.

"ఆయ్. గజ్జని కాదండి, పైన పొరలా పట్టేసిందండి. నూనెతో వదిలిస్తే లోపల రాగి..."

మాస్టారు చెల్లెలి వైపు చూశారు. చర్మరోగం సరే, ఇది ఇంకో రోగమని ఆయన కళ్లే చెప్పాయి. మంచినీళ్లైనా ముట్టకుండా, "ఉత్తరం రాస్తామండి" అని లేచేరు. వంద అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్క నిజం చెప్పి నా పెళ్లి చెడగొట్టుకున్నాను. అమ్మ ఆ సాయంత్రమంతా మూకుడు తోముతూ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

పరిశోధనన్నా దక్కిందా? గంధకం వదిలింది, నూనె పట్టుకుంది! రసాయనం ఆ పొడిని అంటనే లేదు. "రాయికి తలంటు పోసేవటయ్యా?" అని గైడు గారు కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

ఆశలన్నీ వదిలేశాక అమలాపురం నుంచి మాస్టారే మళ్లీ వచ్చేరు. జరిగింది విని ఇంట్లో అందరూ తిడుతుంటే శాంతకుమారి ఒక్కతే, "రాయికే మందు కాచేవాడు మనిషిని బాగానే చూసుకుంటాడు నాన్నా" అందిట.

అమ్మా, గైడు గారూ, మాస్టారూ ఇప్పుడు లేరు. నాకు ఎక్కడ దురద పెట్టినా మా ఆవిడ మాత్రం, "రాయికి తగ్గిందాండీ?" అని అడుగుతూనే ఉంటుంది.

అందుచేత కొబ్బరిచెట్టు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. పెళ్లివారు వచ్చే రోజున ఇక పొయ్యి మీద గంధకం పెట్టను. ఒకవేళ పెట్టినా, గజ్జి ఎవరికని అడిగితే, నాకేనని ఒప్పేసుకుంటాను.