నవ్వించారో లేదో

సినిమాలు తీసిన తావులన్నీ ఒక్కరోజులో చూపిస్తామని ప్రొద్దుటూరు నుంచి మమ్మల్ని వ్యానులో గండికోటకు తీసుకెళ్లారు. జమ్మలమడుగులో ఎక్కిన ఒక పెద్దామె నా పక్కన కూర్చుంది.

కోటలో ధాన్యాగారం ముందు గైడు ఆగాడు. హీరో చచ్చిపోయే యుద్ధం సీను అక్కడే తీశారని, చుట్టూ శవాలుగా పడుకున్నది ఈ పక్క ఊళ్ల వాళ్లేనని చెప్పాడు. అందరం ఫోన్లు తీశాం. ఆమె ముందుకు వెళ్లి అడిగింది.

"సచ్చిపోయిన యాసం ఏసినోళ్లను మళ్లా లేపి, కెమెరా ముందర నవ్విస్తారంట గదప్పా, కీడు పోవాలని. ఆ పొద్దు అందరినీ నవ్వించినారా?"

గైడు తేలిగ్గా అన్నాడు: "హీరోనయితే నవ్విస్తారు పెద్దమ్మా. గుంపులో పండుకున్నోళ్లను ఎవురు పట్టించుకుంటారు?"

అందరూ లోయ వైపు కదిలాక ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మా ఇంటాయన ఈడనే పండుకున్యాడు. ఆ సినిమా వచ్చేలోపలే పోయినాడు. ఒక ఫోటో తియ్యప్పా."

ఆ మట్టిలో నిలబడి, కొంగు సర్దుకుని, నా ఫోను వైపు చూసి నవ్వింది. పళ్లన్నీ కనపడేలా నవ్వింది. నేను ఫోను దించాక కూడా ఆ నవ్వు ఆపలేదు.

ఫోటో పంపుతాను, నంబరు చెప్పమన్నాను.

"నాకెందుకప్పా? ఆయప్ప కోసరం నవ్వినా" అంది.

ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తుంటుంది. ఆ సీనుకు ఇంట్లో అందరూ కళ్లు తుడుచుకుంటారు. నేను మాత్రం వెనక పడి ఉన్నవాళ్లలో ఆయన ఎవరా అని వెతుకుతాను. మొన్న మా అమ్మ నన్నే చూస్తూ అడిగింది.

"శవాలను చూసి నవ్వుతాండావేందిరా?"