రెండు బస్తాల రాతిపువ్వు

మూలికల కొట్టులో ఇరవై ఆరేళ్లుగా సరుకు ఏరే ఆవిడను అందరూ జల్లెడమ్మ అనేవారు. ఆమె కన్ను కప్పి గడ్డిపరక కూడా దాటిపోయేది కాదు. కోపం మాత్రం ముక్కుమీదే ఉండేది.

ఆ ఏడు రెండు కొండల నుంచి రెండు బస్తాలొచ్చాయి. రెండు చీటీల మీదా ‘రాతిపువ్వు’ అనే ఉంది. ఒకదాంట్లో బండల మీంచి గీకిన బూడిదరంగు పెచ్చులు. పువ్వూ కాదు, ఆకూ కాదు. రెండోదాంట్లో బండ పగుళ్లలో మొలిచే చిన్న మొక్క, వేళ్లతో సహా ఎండబెట్టింది. ఎవరి కొండ మీద దొరికినదాన్ని వాళ్లు ఆ పేరుతో పిలుచుకున్నారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

గుమాస్తా రెండింటినీ ఒకే డబ్బాలో పోయబోయాడు.

“ఆగండి! ఇవి రెండూ ఒకటి కావు. వాసన చూడండి” అంది జల్లెడమ్మ.

“చీటీ మీద పేరు ఒకటేగా? నేను చదివేది చీటీ, నీ ముక్కు కాదు.”

“మా వీధిలో ముగ్గురు బుజ్జులున్నారు. ఒక బుజ్జికి జ్వరమొస్తే ముగ్గురికీ సూది పొడిపిస్తామా?”

పక్కన ఏరేవాళ్లు కిసుక్కున నవ్వారు. దాంతో గుమాస్తాకు పంతం వచ్చి, మొత్తం కుమ్మరించేశాడు. జల్లెడమ్మ పళ్లు నూరుకుంటూ మళ్లీ చేట అందుకుంది.

పది రోజులకు ఆమె పిన్ని మంచం పట్టింది. ఆ కొట్టు రాతిపువ్వే కషాయం కాచుకుని తాగిందట. ఒకటే వాంతులు, పెదాలు వాచిపోయాయి.

“నువ్వు పనిచేసే చోటని నమ్మి కొన్నానే” అంది, నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో.

జల్లెడమ్మ ఒళ్లు మండిపోయింది. గుమాస్తా మీద ఎంతో, ఆ రోజు అడ్డుపడకుండా చేట అందుకున్న తన చేతుల మీదా అంతే. తిన్నగా కొట్టుకెళ్లి, కొనేవాళ్లంతా చూస్తుండగా ఆ డబ్బాను బల్లమీద బోర్లించింది. పెచ్చులు ఒక పక్కకు, ఆకులు ఒక పక్కకు ఏరసాగింది.

యజమాని పరుగున వచ్చాడు. “ఏంటమ్మా ఈ గోల?”

“పేరు ఒకటే కదండీ...” అని గుమాస్తా నసిగాడు.

“మా పిన్ని పేరు తాగలేదయ్యా, ఆకు తాగింది! నేను చెప్పలేదా? చెప్పింది ఏరే మనిషని కదా చెవిన పెట్టలేదు!”

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకావిడ తన పొట్లం తిరిగి బల్లమీద పెట్టేసింది. యజమాని అమ్మకం ఆపించి, కొన్నవాళ్లందరికీ కబురు పంపాడు. ఇకమీదట జల్లెడమ్మ చూడందే ఏ బస్తానూ కలపకూడదన్నాడు.

పిన్ని పదిహేను రోజులకు కోలుకుంది. జల్లెడమ్మ ఇంకో నాలుగేళ్లు అక్కడే పనిచేసింది. సరుకు తెచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, “పేరు తర్వాత. ఎక్కడ మొలిచిందో ముందు చెప్పు” అనేది. గుమాస్తా ఏనాడూ తప్పు ఒప్పుకోలేదు, ఆమె అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు.

“ఇంకా కోపమేనా?” అని పిన్ని అడిగితే, “ఎందుకు చల్లారాలి?” అనేది.