పళ్ళ మధ్య దారం, తెర మీద తమ్ముడు

దారం అక్క అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. పార్లర్ బోర్డు మీద కూడా ఉండదు. కనుబొమ్మలు తీర్చేటప్పుడు దారం ఒక కొస పళ్ళతో బిగబట్టి, మిగతాది వేళ్ళకు మెలితిప్పి, తల ముందుకూ వెనక్కూ ఆడిస్తూ పని చేస్తుంది. అందుకని ఎవరో దారం అక్క అన్నారు, అదే నిలిచిపోయింది. ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళు తమ కనుబొమ్మ చర్మం తామే లాగి పట్టుకుని, ఎంతైనా మాట్లాడొచ్చు. దారం పంటి కింద ఉన్నంతసేపూ ఆవిడ మాత్రం మాట్లాడ్డానికి లేదు.

పార్లర్ అంటే ఒకటే గది. రెండు కుర్చీలు, గోడ పొడవునా అద్దం, మూల తల కడిగే తొట్టి, రంగు మరకలు పోని తువ్వాళ్ళు. జుట్టుకి రంగు వేయించుకున్నవాళ్ళు అది ఆరేదాకా కదలడానికి ఉండదు కాబట్టి ఊసుపోక మాట్లాడుకుంటారు. వారంలో ఒకరోజు మాత్రం మాటలన్నీ ఒకే దారి పడతాయి. అది ‘దొరికాడా?’ సీరియల్ వచ్చిన మర్నాడు.

ఒక పోలీస్ స్టేషన్, ఒక తిక్క డిటెక్టివ్, వారానికో దొంగతనం. ఇదీ సీరియల్. మొదట్లో మీసాలాయన ఉండేవాడు. ఆధారం కోసం గదంతా వెతికి, చివరికి దాని మీదే కూర్చునేవాడు. ఆయనకి సినిమాలు రావడంతో వెళ్ళిపోయాడు. తర్వాత పొడుగాయన వచ్చాడు. ప్రతి గుమ్మానికీ తల కొట్టుకుని, ఆ దెబ్బకి దొంగెవరో తట్టినట్టు లేచేవాడు. ఆయనకీ ఛానల్‌కీ చెడింది. మూడో డిటెక్టివ్‌గా వచ్చినవాడు దారం అక్క తమ్ముడు.

ఆ సంగతి పార్లర్‌లో చెప్పొద్దన్నది తమ్ముడే.

“నువ్వు అక్కవని తెలిస్తే మొహమాటానికి పొగుడుతారు. ఆ పొగడ్త నాకెందుకు? వాళ్ళేమనుకుంటే అది, ఉన్నదున్నట్టు నాకు చెప్పు. వానలు మొదలయ్యేలోగా జనానికి నచ్చకపోతే మీసాలాయన్ని బతిమాలి తెచ్చుకుంటామని ఛానల్‌వాళ్ళు మొహం మీదే చెప్పారు” అన్నాడు ఫోన్లో.

వాడికీ ఆవిడకీ పదేళ్ళ తేడా. అమ్మ బట్టల మిల్లుకి పోతే వాణ్ణి చంకనేసుకు తిరిగింది ఆవిడే. వాడికి జుట్టు కత్తిరించడమే ఆవిడ నేర్చుకున్న మొదటి పని. కుదురుగా కూర్చునేవాడు కాదు. అద్దంలో అక్క మొహం ఎలా ఉంటే తనూ అలా పెట్టేవాడు. పెద్దయ్యాక నాటకాల్లో శవం, సినిమాల్లో గుంపులో ఒకడు, టీవీ ప్రకటనలో పళ్ళనొప్పి మనిషి. ఇన్నేళ్ళకి, వాడు ఫలానా అని జనం చెప్పుకునే వేషం దొరికింది. ఇది కూడా పోతే మళ్ళీ ఆ పళ్ళనొప్పే.

తమ్ముడి మొదటి భాగం వచ్చిన మర్నాడు పొద్దున్నే పెద్ద టీచరమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది. బడి నుంచి రిటైరైనా గొంతు ఇంకా రిటైరవలేదు.

“చూశావా అమ్మాయ్, కొత్తవాణ్ణి? కోడిపుంజులా ఆ నడకేమిటి? మీసాలాయన నడక ఎరువు తెచ్చుకున్నాడు గానీ మీసం తెచ్చుకోవడం మర్చిపోయాడు.”

పక్క కుర్చీలో తలకి రంగుతో ఉన్న బ్యాంకు క్యాషియరమ్మాయి అందుకుంది. “మీసాలాయన సంగతి సరేనండీ, మా పొడుగాయన గుమ్మం దాటుతుంటే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఈయనేమో గుమ్మంలోంచి హాయిగా వెళ్ళిపోతున్నాడు! గుమ్మాలు మామూలుగా దాటేదానికి డిటెక్టివ్ ఎందుకండీ, మా ఆయన చాలడూ?”

దారం టపటపా ఆడింది.

“అబ్బా! చర్మం ఊడొస్తోంది, చూసుకో!” అంది టీచరమ్మ.

ఆ సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. “ఏమన్నారక్కా?”

“బాగుందన్నారురా, అందరూ.”

“అబద్ధమాడాల్సి వస్తే నువ్వు ‘అందరూ’ అంటావు. ఒక్కొక్కరూ ఏమన్నారో చెప్పు.”

చెప్పక తప్పలేదు. కోడిపుంజు దగ్గర మొదలుపెట్టి గుమ్మం దాకా చెప్పింది. వాడు నవ్వాడు గానీ అది మొహమాటపు నవ్వేనని ఆవిడకి తెలుసు. ఆ తర్వాత వారం వారం ఇదే పని. పొద్దున నోట్లో దారంతో వినడం, సాయంత్రం నోరారా చెప్పడం. తిట్టినవాళ్ళ మీద కోపం వచ్చేది కానీ ఒక్క మాటా తగ్గించేది కాదు. పంటి గాట్లు పడి తెగిన దారం మాత్రం ఆ రోజుల్లో మామూలు కంటే ఎక్కువే.

ఒకసారి టీచరమ్మ అరవకుండా, నెమ్మదిగా అంది. “నవ్వించాలని తెగ ఆరాటపడుతున్నాడు పాపం. మనకి నవ్వు రాకపోతే అయ్యో అన్నట్టు మన వైపే చూస్తాడు. పరీక్షలో ఏమీ రాని పిల్లాడు నా వైపు ఇలాగే చూసేవాడు. వాణ్ణి చూస్తే నవ్వెలా వస్తుంది? జాలేస్తుంది.”

అన్ని తిట్లలోకీ ఈ మాటే గట్టిగా తగిలింది దారం అక్కకి. చెప్పాలా వద్దా అని మధ్యాహ్నమంతా తువ్వాళ్ళు ఉతికింది. చివరికి ఫోన్లో చెప్పింది.

“ఎవరన్నారక్కా అది?”

“పెద్ద టీచరమ్మ.”

“ఆవిడకి నా దండం చెప్పు.” అంతలోనే మాట మార్చాడు. “వద్దులే, చెప్పకు.”

తర్వాతి వారానికి ఆ నడక పోయింది. మనవైపు చూడ్డం కూడా పోయింది. “కోడిపుంజు వేషాలు మానేశాడు, బానే ఉంది,” అంది టీచరమ్మ, “ఇప్పుడు అసలేమీ చేయడం లేదు.” అది కూడా వాడికి చేరింది. ఆకాశంలో అప్పటికే మబ్బులు కమ్ముతున్నాయి.

ఆ పై వారం సీరియల్‌కి దారం అక్కా, భర్తా పక్కపక్కన కూర్చున్నారు. భర్త పుస్తకాల బైండరు, మాట తక్కువ మనిషి. తెర మీద దొంగ దొరికాడు. కొండంత మనిషి, చూపుల్లో నిప్పులు. చుట్టూ కానిస్టేబుళ్ళు వెనక్కి తగ్గుతున్నారు. తమ్ముడు బేడీలు తీసుకుని దగ్గరికెళ్ళి, వాడి గడ్డం కింద వేలు పెట్టి మొహం వెలుతురు వైపు తిప్పాడు.

“కాస్త తల వెనక్కి వాల్చండి. ఇక్కడ మీరే పట్టుకోవాలండీ, నేనొక్కదాన్నీ... నేనొక్కణ్ణీ రెండు పనులూ చేయలేను. కదలకండి. కదిలితే వంకరొస్తుంది, తర్వాత నన్నంటారు.” దొంగ బిక్కమొహం వేసి తన బేడీ తనే పట్టుకున్నాడు. “అయిపోయింది, అయిపోయింది, ఇంకొక్కటే.” తాళం పడింది. “బాగా ఓర్చుకున్నారండీ. ఓసారి అద్దంలో చూసుకుంటారా?”

బైండరు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే భార్య వైపు తిరిగాడు. “ఒసేయ్, ఇది నువ్వే కదే!”

ఆవిడకి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. ఎవరైనా ఫోటో తీస్తారేమో అన్నట్టుంది ఆ కూర్చోవడం. వీధిలో ఎదురింట్లోంచి, దాని పక్కింట్లోంచి నవ్వులు వినిపించాయి. తను రోజూ అనే మాటలకి అంతమంది నవ్వడం ఆవిడకి వింతగానూ ఉంది, గొప్పగానూ ఉంది.

మర్నాడు పార్లర్ తలుపు తీసేసరికే టీచరమ్మ మెట్టు మీద ఉంది. కుర్చీలో కూర్చుంది, తల వాల్చింది. దారం కనుబొమ్మ దాకా వచ్చాక దారం అక్క చెయ్యి పట్టుకుంది.

“ఆ అబ్బాయి నీకేమవుతాడు?”

దారం అక్క నోట్లోంచి దారం తీసేసింది. “తమ్ముడండీ. మా తమ్ముడు.”

“సొంత తమ్ముడే?”

“చంకనేసుకుని పెంచానండీ.”

క్యాషియరమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది. టీచరమ్మ ముఖం ఎర్రబడింది. “ఇన్నాళ్ళూ నేనన్న మాటలన్నీ నోరు మూసుకు విన్నావా?”

“వినడమే కాదండీ, వాడికి చెప్పాను.”

“కోడిపుంజు కూడానా?”

“అదే ముందు చెప్పానండీ. జాలి మాట చెప్పినప్పుడు మాత్రం మీకు దండం చెప్పమన్నాడు. ఆ తర్వాతే నడక మానేశాడు.”

టీచరమ్మ కాసేపు అద్దంలోకి చూసింది. సిగ్గు మెల్లమెల్లగా ఠీవిగా మారడం దారం అక్కకి అద్దంలో స్పష్టంగా కనిపించింది. “అయితే వాణ్ణి దిద్దింది నేనే అన్నమాట!” ఆ మధ్యాహ్నానికే వీధిలో సగం మందికి ఈ సంగతి తెలిసింది. టీచరమ్మ చెప్పిన పద్ధతి చూస్తే డిటెక్టివ్‌కి అక్షరాభ్యాసం కూడా తనే చేయించినట్టుంది. దారం అక్క అడ్డు చెప్పలేదు. తమ్ముడి గొప్పలో వాటా అడిగేవాళ్ళు పుట్టుకొస్తున్నారంటే ఆవిడకి కావాల్సిందీ అదే.

మొదటి వాన పడిన రోజు పార్లర్ నిండా జనం ఉండగా ఫోన్ మోగింది. ఆవిడ అంతా విని, “సరేరా, భోంచెయ్యి” అని పెట్టేసింది. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు.

“ఉంచారటండీ. మరో ఏడాది వాడే.” ఆ ఒక్క ముక్కా గట్టిగా, వీధిలోకి కూడా వినబడేట్టు చెప్పింది.

టీచరమ్మ చప్పట్లు కొట్టింది. మిగతావాళ్ళూ కొట్టారు. చప్పట్లు ఆగాక క్యాషియరమ్మాయి మెల్లగా అంది. “సంతోషమే అక్కా. కానీ ఏమనుకోకు, నాకు మాత్రం ఇప్పటికీ పొడుగాయనే.”

“ఎందుకనుకుంటాను? వాడికి అదీ చెప్తాను,” అంది దారం అక్క. కొత్త దారం తెంపి, కొస పళ్ళ మధ్య బిగించింది.