రోమను చక్రవర్తి శెనక్కాయ

మా సోషల్ సారు పోయారన్న కబురు పోయిన వారం ప్రొద్దుటూరు కూరగాయల మార్కెట్లో ఉండగా ఫోనులో వచ్చింది. వెంటనే నమ్మలేదు. ఆయన పోయారని ఇదివరకే ఒకసారి విని, ఏడ్చి, మర్నాడు పొద్దున బస్టాండులో ఆయన్నే గొడుగుతో సహా ఎదురుగా చూసినదాన్ని నేను. పైగా ఈ సీమలో ఫ్యాక్షను గొడవల ఏళ్లు చూసిన మాబోటి వాళ్లకు చావు కబురు వినగానే నోట్లోంచి వచ్చే మొదటి మాట “ఎప్పుడు” కాదు, “ఎట్లా”. సారు కూతురు “నిద్రలోనే, మేడమ్” అంది. “నిజంగా నిద్రలోనేనా? రాత్రి ఎవరైనా వచ్చి పోయినారా?” అని అడిగాను. ఎనభై దాటిన మనిషి నిద్రలో పోయినా నాకు అనుమానమే. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. ఈ ప్రాంతం పిల్లే కదా.

జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే దారిలో ఒక ఊరి హైస్కూల్లో ఆయనా నేనూ చాలా ఏళ్లు కలిసి పనిచేశాం. ఆయన సోషల్, నేను సైన్సు. ఊళ్లో రెండు పార్టీలు, రెండు టీ అంగళ్లు. ఒకరి అంగట్లో టీ తాగితే రెండోవాళ్లు గుర్తుపెట్టుకుంటారని సారు ఇంటినుంచే ఫ్లాస్కులో టీ తెచ్చేవారు. ఆ టీలో సగం నాదే. బస్సెక్కితే ఖాళీ సీటు ఎక్కడుందో తర్వాత, ముందు ఎవరెవరు కూర్చున్నారో చూసుకునేవాళ్లం. నేను ప్రతి మనిషినీ ఎగాదిగా చూస్తుంటే సారు నవ్వి, “మేడమ్, మీరు పోలీసు డిపార్టుమెంటులో ఉండాల్సినోళ్లు” అనేవారు.

స్కూలు గేటు పక్కన ఒక నల్లబోర్డు ఉండేది. పైన తెల్లరంగుతో ‘మహనీయుల మాట’ అని శాశ్వతంగా రాయించి ఉంది. దాని కింద రోజూ పొద్దున్నే ఒక మంచిమాట రాయడం సారు పని. సుద్దముక్కను రెండుగా విరిచి, ఒకటి చేతిలో, ఒకటి జేబులో. ఆయన చొక్కా జేబు ఎప్పుడు చూసినా తెల్లగా ఉండేది.

మొదట్లో మన దేశ నాయకుల మాటలే, పేర్లతో సహా రాసేవారు. అయితే ప్రతి నాయకుడూ ఏదో ఒక పార్టీ సొత్తు. ఒకరి పేరు రాస్తే రెండో పార్టీవాళ్లు మధ్యాహ్నానికల్లా తుడిచేసేవాళ్లు. తుడవనివాళ్లు ఆ నాయకుడి కులం అడిగేవాళ్లు. సారు విసిగిపోయి దేశం దాటారు. గ్రీకులు, రోమనులు, చైనావాళ్లు వచ్చారు. పేర్లు పోయాయి. ‘గోడ ఎత్తు పెంచినకొద్దీ నిద్ర తగ్గుతుంది’ అని రాసి, కింద ‘ఒక చైనా పండితుడు’ అని పెట్టేవారు. ‘భయపడి పెట్టిన దండాన్ని లెక్కలోకి తీసుకోవద్దు’, ఇది ఒక గ్రీకు తత్వవేత్తది. ఊళ్లో ఎవరికీ ఆ గ్రీకుతో పేచీ లేదు. నాకు మాత్రం మొదటినుంచీ అనుమానమే. ఎక్కడో గ్రీసులో కూర్చున్నవాడికి మా ఊరి సంగతి ఇంత బాగా ఎలా తెలుసు?

ఆ అనుమానం ఎంత నిజమో ఒక కోతలకాలంలో బయటపడింది. ఒక రైతు శెనక్కాయ పీకి, చెట్లను కుప్పగా వామి వేసుకుంటే, ఎవరో దానికి నిప్పు పెట్టారు. ఎవరి మనుషులు పెట్టారో ఊరందరికీ తెలుసు. పోలీసులు వచ్చి అడిగితే మాత్రం ఎవరికీ తెలియదు. ఆ రైతు పిల్లలు ఇద్దరు మా బళ్లోనే చదివేవాళ్లు. మర్నాడు బోర్డు మీద ఇలా ఉంది: ‘పక్కవాడి వామి తగలబెట్టినవాడు తినే శెనక్కాయకు పొగవాసన పోదు. – ఒక రోమను చక్రవర్తి.’

అది చదివి, చెరిపేద్దామని పోయేలోపే గేటు ముందు జీపు ఆగింది. నిప్పు పెట్టారని అందరూ అనుకుంటున్న పార్టీ జీపు. అందులోంచి ఒక మనిషి దిగి నేరుగా స్టాఫ్‌రూములోకి వచ్చాడు. మిగతావాళ్లు జీపులోనే, కాళ్ల మధ్య ఒక గోతాం పెట్టుకుని కూర్చున్నారు. ఆ గోతాంలో ఏముందని ఆ రోజుల్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

“ఎవురు సారూ ఆ మాట రాసింది?”

“రాసింది నేనేనప్పా. చెప్పింది చక్రవర్తి.”

“యా చక్రవర్తి?”

“రోమను చక్రవర్తి. శానా కాలం కిందట పోయినాడు.”

“ఆయప్ప మనుషులు ఎవురన్నా ఉండారా ఈ పక్క?”

“యాడుంటారప్పా? వాళ్ల రాజ్యమే పోయింది.”

ఆ మనిషి తల ఊపాడు. మాట సారు సొంతమైతే సారు అవతలి పార్టీ మనిషని అర్థం. చక్రవర్తిదైతే గొడవే లేదు. వాకిలి దాకా పోయి, మళ్లీ వెనక్కి తిరిగాడు.

“అవును సారూ, రోమ్‌లో శెనక్కాయ పండుతాదా?”

సారు జేబులోని సుద్దముక్క తడుముకున్నారు. అంత చదువుకున్న మనిషి, రాసేటప్పుడు ఆ సంగతే మరిచిపోయారు. వేరుశెనగ అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. అది సముద్రం దాటేనాటికి ఆ చక్రవర్తులందరూ ఎప్పుడో మన్నులో కలిశారు. జీపు దిగిన మనిషి కూడా శెనక్కాయ రైతే. అతని చూపు నా మీద పడింది.

“అమ్మా, నువ్వు సైన్సు గదా. నువ్వు చెప్పు.”

“పండుతుందప్పా” అన్నాను. “మన మాదిరే ఎర్రనేల. వాన కూడా తక్కువే.”

చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. జీవితమంతా మనుషుల్ని అలా చూసినదాన్ని, నన్నొకరు అలా చూస్తే ఎట్లా ఉంటుందో ఆ పూట తెలిసింది. “సైన్సు చెప్పినాక ఇంగేముందిలే” అని వెళ్లిపోయాడు.

సారు ఫ్లాస్కు మూత తీసి నా వాటా టీ పోశారు. “మేడమ్, సైన్సుకు శానా అన్యాయం చేస్తిరి” అన్నారు. నాకు ఒళ్లు మండింది. “ఈసారి ఉల్లిగడ్డ రాయండి సారూ, ఏ దేశంలోనైనా పండుతుంది. నిజం చెప్పండి, ఆ చక్రవర్తి మీరే కదా?”

“నేను చెప్తే మా ఇంటికొస్తారు. చక్రవర్తి చెప్తే యాడికి పోతారు?” అన్నారు. టీ నా వైపు జరిపి, “ఆ పిల్లోళ్లు ముందు బెంచీలోనే కూచోనుండారు మేడమ్. ఏమీ అనకుండా పాఠం ఎట్ల చెప్పేది?” అన్నారు. నాకు కోపం పోయింది. ఆయన మీద గౌరవం అంతకుముందూ ఉండేది గానీ, ఆయనంటే ప్రాణం అనిపించింది ఆ రోజే. అంత జరిగినా ఆయన మానలేదు. మర్నాడు గ్రీకు వచ్చాడు.

సారును జమ్మలమడుగులో, వాళ్ల చర్చి సమాధుల తోటలో పూడ్చారు. పాస్టరు గారి ప్రార్థన అయిపోతుండగా ఒక ముసలాయన కర్ర పట్టుకుని ఆటో దిగాడు. ఆ జీపు మనిషే. ఎందుకొచ్చాడో అర్థంకాక నేను సారు కూతురు పక్కకు జరిగి నిలబడ్డాను. ఆయన నా దగ్గరికే వచ్చాడు.

“అమ్మా, ఇప్పుడన్నా చెప్పు. రోమ్‌లో శెనక్కాయ పండుతాదా?”

అలవాటుకొద్దీ చుట్టూ చూశాను. సారు పెట్టెలో ఉన్నారు. ఇక ఆయన్ని ఎవరేం చేయగలరు? “పండదప్పా. ఆ కాలంలో అక్కడ లేనేలేదు” అన్నాను.

“నాకు ఆ పొద్దే తెల్సులేమ్మా. నీ మొగంలోనే కనపడె.”

“మరెందుకు ఊరికే పోయినావు?”

“ఆ వామికి అగ్గి పెట్టింది నేనే. ఊరంతా తెల్సు, నా ఎదురుగా అనేటోడే లేడు. సారు మాటని తేలితే నేను ఊరికే పోతే కుదరదు, జీపులో వాళ్లు చూస్తాండారు. నాకూ ఆ చక్రవర్తే కావల్సొచ్చినాడు.” చేతికర్ర మార్చుకుని, “ఇప్పటికీ నేను శెనక్కాయ తినలేనమ్మా” అన్నాడు.

నమ్మాలో లేదో నాకు తెలియలేదు. ఆయన కష్టం మీద వంగి పిడికెడు మన్ను తీసి గుంతలో వేశాడు. లేచి చెయ్యి దులుపుకున్నాడు. ఎవరూ చూడట్లేదనుకుని వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు.