అత్తమ్మ కాలు జారని రాయి కోసం టెక్కలి దాకా

మేం టెక్కలి బయలుదేరేనాటికి మా అత్తమ్మ ముందుగదిలో అడుగుపెట్టక ఎనిమిది నెలలైంది. ఈ ప్రయాణానికి కారణం అదే. కిందటి వానాకాలంలో ఒక రోజు నేను ఆ గదిని తడిగుడ్డతో తుడిచి, ఆరేదాకా ఉండకుండా వంటింట్లోకి వెళ్ళిపోయాను. అద్దంలా మెరిసే టైల్స్. అత్తమ్మ జారి పడింది, కుడి మణికట్టు విరిగింది. తర్వాత కట్టు విప్పారు, ఎముక అతికింది, భయం మాత్రం పోలేదు. అప్పటినుంచి తిండి, పడక అన్నీ వరండాలోనే. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉండేది. ఆ టైల్స్ తీయించి గరుకుగా ఉండే పలకరాయి వేయిద్దామని మా ఆయనతో నేనే అన్నాను. పెళ్ళైన నాలుగేళ్ళలో ఇంటి సంగతి గురించి నోరు తెరిచి అడిగింది అదే మొదటిసారి. చిన్నప్పుడు మనం అక్షరాలు దిద్దుకున్న పలకల రాయే అది. మార్కాపురం నుంచి టెక్కలి కొట్లకు వస్తుందని ఆయన కనుక్కున్నారు.

మాది పూండి దాటాక సముద్రం వైపున్న ఊరు. ఉదయం ఆరున్నరకు షేర్ ఆటో ఎక్కాం. జీడితోటల మధ్యనుంచి పలాస చేరడానికి గంట పట్టింది, మనిషికి నలభై రూపాయలు. పొద్దున్నే ఇద్దరం కలిసి బయలుదేరడం చూసి ఆటో అతను ఊరుకోలేదు.

"ఏటి వదినా, బంగారం కొట్టుకా?"

"రాళ్ళ కొట్టుకి," అన్నాను.

"ఓలమ్మ! మొగుణ్ణి రాయి కొనిపెట్టమన్న ఆడమనిసిని మిమ్మల్నే సూసినాను. అన్నయ్యా, నీ అదురుట్టమే అదురుట్టం!" అని దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గ బస్టాండులో ఇడ్లీ తిని ఎనిమిదింటి బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. ఆయన ఒక్కరికే డబ్బులు. ముప్పావుగంటలో టెక్కలిలో దిగాం. రాళ్ళ కొట్లు పదింటికి గానీ పూర్తిగా తెరవరు కాబట్టి మరీ తొందరపడి వెళ్ళనక్కర్లేదు. మొదటి రెండు కొట్లలో గ్రానైట్ తప్ప ఇంకేమీ లేదు. మూడో కొట్టు యజమాని పెద్దాయన, పలకరాయి అనగానే నొచ్చుకున్నాడు.

"టెక్కలికొచ్చి గ్రానైట్ వద్దంటారేటమ్మా? తిరపతెల్లి లడ్డొద్దన్నట్టున్నాది."

మా ఆయన నా వైపు చూశారు. కొట్టువాళ్ళతో మాట్లాడటం నాకు రాదు. తల వంచుకుని ఒక బకెట్టు నీళ్ళు అడిగాను. పెద్దాయన వెనక్కి తీసుకెళ్ళి మూడు రకాల పలకరాళ్ళు నేలమీద పరిపించాడు. వాటిమీద నీళ్ళు పోసి, చెప్పులు విప్పి నడిచాను. మొదటిది కొండలోంచి చీల్చింది చీల్చినట్టే ఉంది. మెట్లకైతే సరే, దానిమీద కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తే కాళ్ళు ఒరుసుకుపోతాయి. రెండోది మరీ నున్నన, తడిస్తే మా పాత టైల్స్‌కి చెల్లెలే. మూడోది పైపైన కొంచెం రుద్దిన రాయి, నలుపులో పచ్చ ఛాయ. తడిమీద కూడా పాదం నిలిచింది.

"కాలు సెప్పిందే రాయి. బాగా ఎంచినావమ్మా," అన్నాడు పెద్దాయన. ఎంచిన రాళ్ళను రూపాయి బిళ్ళతో కొట్టి వినమన్నాడు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే లోపల పొరలు విడిపోయినట్టు. అంచును గోటితో గీకితే పెచ్చులు లేచేవి మా ఉప్పుగాలికి ఆగవట. చదరపు అడుగు అరవై ఐదు రూపాయలు. విరిగేవాటికని పదోవంతు ఎక్కువ తీసుకున్నాం. వ్యానులో రాయి వెనకే వచ్చేలా మాట్లాడుకుని నాలుగింటికల్లా ఇల్లు చేరాం. నీళ్ళు, మరకలు ఇంకకుండా రాయికి పట్టించే సీలర్ మాత్రం పలాసలో కొందాంలే అని వదిలేశాం.

తర్వాతి వారం తాపీమేస్త్రి వచ్చాడు. పలకరాళ్ళు ఒకే మందంలో ఉండవు కాబట్టి ముందు మందాన్ని బట్టి మూడు కుప్పలు పెట్టాడు. మందంవి ముందు పరిచి, పలచనివాటి కింద సిమెంటు కొంచెం ఎక్కువ వేసి, రసమట్టంతో ఒక్కొక్కటీ సరిచూశాడు. రాయి కింద ఎక్కడా బోలు ఉండకూడదట. నాలుగు రోజులకు పరవడం అయింది. సందుల్లో సిమెంటు నింపేముందే సీలర్ ఒక పూత పడాలి, లేకపోతే రాయి ఆ సిమెంటు మరకను పీల్చుకుంటుంది అన్నాడు. చూస్తే పలాసలో మాకు ఎక్కడా దొరకలేదు.

అప్పుడు మా ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. పడవలున్న స్నేహితుడి దగ్గర్నుంచి అరడబ్బా జీడినూనె తెచ్చారు. జీడిపిక్కల తొక్కలోంచి తీసే నల్లటి నూనె అది.

"పడవకి రాత్తే సముద్రపు నీరే లోపలికి దిగదు. మన ఇంటి నీరొక లెక్కా?" అన్నారు.

"అదీ నిజమే బాబూ," అన్నాడు మేస్త్రి.

ఆ నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పిక్కలు కొట్టేవాళ్ళ వేళ్ళు చూస్తే తెలుస్తుంది. ఆ గదిలో రేపు అత్తమ్మ కూర్చోవాలి, పడుకోవాలి. మేస్త్రి ముందు ఆయన మాటకు అడ్డం చెప్పడానికి నాకు బిడియం. "వద్దు మావా, ఒళ్ళు కాలిపోద్ది," అని వరండా గడప దగ్గర నిలబడి మా ఆయనతో చిన్నగా అన్నాను గానీ, వాళ్ళిద్దరూ తలెత్తలేదు. మేస్త్రి అప్పుడే రాతిమీద దుమ్మంతా కడిగాడు, నేల ఇంకా తడిగా ఉంది. ఆయన డబ్బా మూత తీశారు.

వరండాలో ఉన్న అత్తమ్మకు నా మాట వినపడింది.

"ఒరే ఒరే! ఒగ్గీరా ఆ డబ్బా!" అని అరుస్తూ గడప దాటి, తడి రాతిమీద గబగబా నడిచి, గది మధ్యలో ఉన్న కొడుకు చేతిలోంచి డబ్బా లాక్కుంది. "ముప్పయ్యేళ్ళు పిక్కలు కొట్టినాను. నా సేతులు సూడ్రా! ఆ పిల్ల సెప్తంటే ఇనపడ్డంనేదా నీకు?"

మేస్త్రి ఆమె పాదాల వైపు చూశాడు. అప్పుడు అత్తమ్మ కూడా కిందికి చూసుకుంది. బొటనవేలితో రాతిని రాసింది, మడమతో తట్టింది.

"ఒలే పిల్లా," అంది నన్ను చూసి, "ఇంకా కొన్ని నీళ్ళొయ్యి. సూద్దాం."

చెంబెడు నీళ్ళు పోశాను. నా చెయ్యి పట్టుకోకుండానే ఈ మూలనుంచి ఆ మూలకు నడిచింది.

మర్నాడు ఆయన ఒక్కరే మళ్ళీ టెక్కలి వెళ్ళి, అదే పెద్దాయన దగ్గర రాతిలోకి ఇంకే సీలర్ తెచ్చారు. రెండు రోజులు ఫ్యాను వేసి నేలను బాగా ఆరనిచ్చాం. మెత్తటి గుడ్డతో పలచగా రాసి, పది నిమిషాలాగి మిగిలింది తుడిచేశాం. తర్వాత సందులు నింపి, అవి ఆరాక ఇంకో పూత. ఇప్పుడు నీటిచుక్క పడితే ఇంకకుండా ముత్యంలా నిలుస్తుంది.

రాయి మంచిది దొరికిందని ఊళ్ళో అందరూ అంటారు. నేను మాత్రం ఆ రోజు నా చిన్న గొంతు ఒకరికి వినపడిందని తలుచుకుంటాను. ఎనిమిది నెలలు నన్ను ఏమీ అనని మనిషి, నా మాట కోసం తన భయం మరిచిపోయి లోపలికి వచ్చింది. ఇక మీరు వెళ్ళేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. రాయితోపాటే సీలర్ కూడా అదే రోజు, అదే కొట్లో కొనేయండి. మర్చిపోతే ఇంకోసారి బస్సెక్కండి గానీ పడవ నూనె జోలికి పోకండి. ప్రతి ఇంటికీ పరిగెత్తుకు రావడానికి మా అత్తమ్మ ఒక్కత్తే కదా.