పిన్నిగారి కిడ్నీకి పుట్టింటి పండు

మా బాబాయిగారి ఒంట్లో ఉన్న కిడ్నీ మా పిన్నిగారిది. ఈ సంగతి ఆయన మర్చిపోదామన్నా ఆవిడ మర్చిపోనిచ్చేవారు కాదు. ఆయన మిట్టమధ్యాహ్నం కొబ్బరితోటకి బయల్దేరితే, "మీరు వెళ్తే వెళ్ళండి, నా కిడ్నీని ఎందుకండీ ఎండలో తిప్పుతారూ?" అనేవారు. అరుగు మీద పేకాటకి కూర్చుంటే, "అంతసేపు కూచోడం దానికి అలవాటు లేదండీ, నాతో ఉన్నప్పుడు కూడా కూచోలేదు" అనేవారు. బాబాయిగారు ముక్కలు పడేసి లేచి వచ్చేసేవారు. కిడ్నీ ఇచ్చిన మనిషితో వాదించి గెలిచిన మగాణ్ణి నేనింకా చూళ్ళేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. నేనప్పుడు ఎం.ఫార్మసీ చదువుతున్నాను. కిడ్నీ జబ్బున్నవాళ్ళూ, కిడ్నీ మార్పించుకున్నవాళ్ళూ ఇంటి దగ్గర ఏ మందులు ఎలా వాడుతున్నారో, ఏది దేనితో పడక ప్రాణం మీదికి తెస్తోందో కనిపెట్టడం నా ప్రాజెక్టు. "మందుల కొట్టు పెట్టుకోడానికి ఇంత చదువెందుకే?" అని మా బంధువులందరూ అడిగేసేరు. మొదట్లో విడమర్చి చెప్పేదాన్ని. తరవాత "ఆయ్, పెద్ద కొట్టు పెడదామనండీ" అనడం మొదలెట్టేను.

అమలాపురం నుంచి రాజోలు దాకా ఇల్లిల్లూ తిరిగేదాన్ని. వెళ్ళగానే బొండం కొట్టి చేతిలో పెట్టేవారు. "డాక్టరు గారు రాసినవి కాక ఇంకేమన్నా మందులు వాడుతున్నారాండీ?" అని అడిగేదాన్ని. "అబ్బే, ఏం లేవండీ" అనేవారు. నేను లేచి, చెప్పులేసుకుని, గేటు దాకా వచ్చేక వెనకనుంచి కేకేసేవారు. "నడుం నొప్పికి బస్టాండు పక్క కొట్లో బిళ్ళ తెచ్చుకుని వేసుకుంటూ ఉంటానండీ. అది మందు కింద రాదు కదండీ?" డాక్టరు రాస్తే మందు, మనమే కొనుక్కుంటే పప్పుబెల్లం! ఉన్న కిడ్నీని ఊడ్చేసేది ఆ నొప్పి బిళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయేది. మళ్ళీ చెప్పులు విప్పి, మళ్ళీ లోపలికెళ్ళి, మళ్ళీ ఇంకో బొండం తాగేదాన్ని.

ఇంతలో మా ఇంటికే వచ్చిపడింది. బాబాయిగారు హైదరాబాదు వెళ్ళి పరీక్షలు చేయించుకుంటే రక్తంలో మందు ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉందన్నారు. అది మామూలు మందు కాదు. వచ్చిన కిడ్నీని పరాయిదని ఒళ్ళు గెంటెయ్యకుండా ఆపేది అదే. తక్కువైతే ఒళ్ళు కిడ్నీని గెంటేస్తుంది, ఎక్కువైతే ఆ మందే కిడ్నీని పాడుచేస్తుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారే, అచ్చం అదే. అప్పటికే కిడ్నీ దెబ్బ తినడం మొదలైందనీ, ఇలాగే సాగితే దక్కదనీ డాక్టరు గారు చెప్పేసేరు. మందు తగ్గించి పంపేరు. మళ్ళీ చూస్తే మళ్ళీ ఎక్కువే.

"రెండేసి మింగేస్తున్నారేమో చూడండి" అన్నార్ట డాక్టరు గారు. బాబాయిగారికి పౌరుషం వచ్చేసింది. "నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా? గడియారం చూసి మింగుతాను!" అని చెయ్యెత్తితే మందెక్కువై ఆ చెయ్యి గడగడా వణికింది. కాఫీ సాసర్లో పోస్తే చొక్కా తాగేది. దానికి తోడు ఆ మందుకి ఆయన చెవుల మీదా, భుజాల మీదా జుట్టు దట్టంగా మొలిచింది, నడినెత్తిన మాత్రం ఒక్క వెంట్రుకా లేదు. మంగలి "ఎక్కణ్ణించి మొదలెట్టమంటారండీ?" అని అడిగేడట.

నవ్వుకునే రోజులు కావవి. పిన్నిగారి నోట నా కిడ్నీ అన్న మాటే లేదు. ఇవ్వడానికి ఆవిడ దగ్గర ఇంకోటి లేదు మరి. ఉన్న ఒక్కటీ ఆవిడకే కావాలి.

నేను బ్యాగు సర్దుకుని వాళ్ళింట్లో దిగిపోయేను. మందులు నేనే తీసిచ్చేను. ఒకటే బిళ్ళ, వేళకే. నాటుమందు లేదు, పసరు లేదు, బస్టాండు బిళ్ళ లేదు. దొంగ ఎక్కడున్నాడో అర్థం కాలేదు. మూడో రోజు కొత్తపేట నుంచి పిన్నిగారి తమ్ముడు సైకిలు వెనక గోనె కట్టుకుని దిగేడు. గోనె నిండా పంపరపనస పళ్ళు, ఒక్కోటి పసిపిల్ల తలకాయంత. వినాయక చవితి దగ్గర పడుతోంది కదా, పాలవెల్లికేమో అనుకున్నాను. పిన్నిగారు ఒకటి తీసి, మందపాటి తొక్క వలిచి, తెల్ల బెండంతా లాగి, ఎర్రటి తొనలు ఒలిచి, ఉప్పూ కారం జల్లి బాబాయిగారి ముందు పెట్టేరు. ఆయన పుల్లటి మొహం పెట్టి తింటున్నారు. ఆయనకి పులుపు గిట్టదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"ఇష్టం లేనిది ఎందుకు తింటున్నారు బాబాయిగారూ?" అన్నాను.

"నాకు కాదమ్మా, లోపలున్నదానికి" అన్నారాయన.

పిన్నిగారు అందుకున్నారు. "నా చిన్నప్పట్నించీ ఈ రుతువులో రోజుకో కాయ తిన్నాను కదే. నాతోపాటు అదీ తిన్నట్టేగా. ఈ ఏడే కొత్త చోటికి పంపించేను. పుట్టింటి తిండి ఉన్నట్టుండి మాన్పించేస్తే బెంగెట్టుకోదూ? అందుకే కాయలు దిగిన దగ్గర్నించీ రోజూ పెడుతున్నాను."

నాకు నవ్వొచ్చింది. సగం నవ్వులో మా పాఠం గుర్తొచ్చింది. అందులో ఒక పండుండేది. గ్రేప్‌ఫ్రూట్ అని పెద్ద నారింజలాంటి విదేశీ పండు, ఈ మందు వాడేవాళ్ళు దాని జోలికి పోకూడదని. ఇల్లిల్లూ అడిగే నా ప్రశ్నల్లో దాన్ని పెడితే మా ప్రాజెక్టు గైడు గారు "కోనసీమలో అదెవడు తింటాడమ్మా?" అని నాచేతే కొట్టేయించేరు. ఆ తొక్క మందం, ఆ ఎర్ర తొనలు, ఒక తొన నోట్లో వేసుకుంటే ఆ పులుపులో చిరుచేదు, అన్నీ పాఠంలో చదివినట్టే ఉన్నాయి. ప్లేటు లాగి పక్కన పెట్టి ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తేను.

గైడు గారికి లైను కలిసేసరికి బూత్ బయట జనం. "సార్, పంపరపనసండీ!" అని అరిచేను. "దేనికమ్మా?" అన్నారు. "గ్రేప్‌ఫ్రూట్‌కి చుట్టమా కాదా చెప్పండి ముందు!" పుస్తకాలు తిరగేసి ఆయనే మళ్ళీ బూత్‌కి ఫోన్ చేసేరు. "చుట్టమేంటమ్మా, స్వయానా తల్లి వరస. పేగులో మందుని విరగ్గొట్టేదాన్ని ఇది నిద్రపుచ్చేస్తుంది. వేసుకున్న మందంతా రక్తంలోకి వెళ్ళిపోతుంది. తక్షణం మాన్పించు, హైదరాబాదు ఫోన్ చెయ్యి." నేను ఇల్లు చేరేలోపు ఊళ్ళో వార్త చేరిపోయింది. పంపరపనస తింటే కిడ్నీలు కరిగిపోతాయట! "ఉత్త మాటండీ, ఆ మందు వాడేవాళ్ళకే" అని గొంతు చించుకున్నా వినేవాడేడీ?

పిన్నిగారికి మాత్రం నేనే చెప్పాల్సొచ్చింది. ఆవిడ మిగిలిన తొనలు పట్టుకెళ్ళి పెంటలో పారేసి, చేతులు కడిగి, మళ్ళీ కడిగి, గదిలోకెళ్ళి తలుపేసుకున్నారు. "నా చేత్తో నేనే పెట్టేను కదే" అని లోపల్నించి ఒకటే ఏడుపు. గుమ్మంలో కూచుని నేనూ ఏడ్చేను. బాబాయిగారు తలుపు దగ్గరకొచ్చి, "ఊరుకోవే, అది నీదేగా, నీ మాటే వింటుంది" అన్నారు.

విన్నది. హైదరాబాదు డాక్టరు గారు పండు మాన్పించి, మందు మళ్ళీ సరిచేసి, రక్తం చూస్తూ వచ్చేరు. ముందు మందు దిగింది, తరవాత నెమ్మదిగా కిడ్నీ కోలుకుంది. బాబాయిగారి చేతి వణుకు తగ్గి కాఫీ నోట్లోకి వెళ్ళడం మొదలైంది. నా ప్రశ్నల్లో పంపరపనస ఎక్కింది. వైవాలో పెద్దాయన ఒకరు "ఇదెలా కనిపెట్టేవమ్మా?" అంటే "మా పిన్నిగారు పెడుతుంటే చూసేనండీ" అన్నాను.

మరుసటేడు అదే రుతువులో వెళ్ళేను. తమ్ముడు గోనె తెచ్చేడు. పిన్నిగారు కాయలన్నీ ఇరుగుపొరుగులకి పంచేస్తున్నారు, ఒక్కటీ ఉంచుకోకుండా.

"మీకేం మందుల్లేవు కదా పిన్నిగారూ, మీరు తినొచ్చు. మీకు ప్రాణం కదా ఇదంటే" అన్నాను.

ఆవిడ నాకేసి చదువురాని దాన్ని చూసినట్టు చూసేరు.

"అక్కడున్నదానికి పెట్టకుండా ఇక్కడున్నదానికి ఎలా పెట్టుకోనే?" అన్నారు.