గోదాం ఫోనుకు అలారం పెట్టిందెవరు

దయ్యాల ముచ్చట్లు చెప్పుకునే చోట నేను కూర్చోను. చిన్నప్పుడు మా అవ్వ చెబుతుంటే కూడా నవ్వేదాన్ని. నా పని అలాంటిది. ఫోనులో గరగర వస్తే తీగ చూడాలి. తీగ బాగుంటే సాకెట్ చూడాలి. అదీ బాగుంటే ఫోన్ల పెట్టెలో కార్డు చూడాలి. ఎక్కడో ఒకచోట కారణం దొరుకుతుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు కారణం దొరకనిది ఒక్కటే ఉంది. అది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను.

తెలంగాణ వచ్చిన మూడేళ్లకో నాలుగేళ్లకో షాద్‌నగర్ దగ్గర ఒక దారం మిల్లులో రిసెప్షన్ పనికి చేరాను. మాది చిట్యాల పక్క ఊరు. నేత పని చేసే ఇల్లు. దారం కొనుక్కుని బతికే ఇంటి పిల్లకు దారం తీసే మిల్లులో కొలువు దొరికిందని బాపుకు సంతోషం. షాద్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. శనివారం సాయంత్రం ఊరికి పోయి, సోమవారం పొద్దున మొదటి బస్సుకు తిరిగి వచ్చేదాన్ని.

మిల్లు మొత్తానికి ముప్పై చిల్లర ఫోన్లు. అన్నిటి తీగలూ నా కుర్చీ వెనక గోడకున్న ఇనుప పెట్టెలోకి, అంటే మిల్లు ఎక్స్‌ఛేంజ్‌లోకి వస్తాయి. ఆ పెట్టెకు ఏం చెప్పాలన్నా కంప్యూటర్ అక్కర్లేదు. నా బల్ల మీది ఫోను నుంచే చెప్పాలి. దాని నంబరు 201. రిసీవర్ ఎత్తి, కోడ్ నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి, ఆ తర్వాత ఏ ఫోనుకు ఏం కావాలో అంకెల్లో చెప్పాలి. ఎవరికి బయటి కాల్ ఇవ్వాలి, ఎవరిది ఎవరికి మళ్లించాలి, ఏ ఫోను ఏ టైముకు అలారంలా మోగాలి, అన్నీ అంకెలే. పెట్టె ఒప్పుకుంటే మూడు చిన్న బీప్‌లు వస్తాయి. ఒప్పుకోకపోతే ఒక పొడుగు బీప్. మరే ఫోను నుంచీ ఈ పని చేయడానికి వీల్లేదు.

పెట్టెకు ఒక చిన్న ప్రింటర్ కూడా ఉండేది. ఎవరు ఎక్కడికి మాట్లాడారు, ఎవరు ఏ ఫోనుకు అలారం పెట్టారు, అన్నీ ఒక్కో వరుసగా కాగితం మీద పడేవి. రోజూ సాయంత్రం ఆ కాగితం చింపి ఫైల్లో పెట్టడం నా పని.

ఒకరోజు పత్తి గోదాం చూసే యాదయ్య వచ్చాడు. మక్తల్ దిక్కు మనిషి, యాభై దాటిన వయసు. భార్యతో మిల్లు క్వార్టర్లలోనే ఉండేవాడు. పత్తి బేళ్లు దింపించి పేర్పించడం, మిషన్లకు పంపించడం ఆయన పని.

“మేడం, గోదాం ఫోను రోజు మూడు పదికి మోగుతాంది. ఎత్తితే ఎవ్వరు మాట్లాడ్తలేరు. జర సూడు” అన్నాడు.

చూశాను. గోదాం ఫోను 231కి మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు అలారం పెట్టి ఉంది. పెట్టింది 201 నుంచి, అంటే నా ఫోను నుంచే. కాగితం మీద టైము ఒంటిగంటా ఇరవై. ఆ టైముకు నేను క్యాంటీన్‌లో అన్నం తింటూ ఉంటాను.

అలారం తీసేశాను. మూడు బీప్‌లు వచ్చాయి. మర్నాడు ఒంటిగంట దాటాక మళ్లీ అదే వరుస కాగితం మీద పడింది. మూడు పదికి గోదాం ఫోను మోగింది.

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. నేను లేని టైము చూసి ఎవరో నా కుర్చీలో కూర్చుంటున్నారనుకున్నాను. నా పేరు చెడగొట్టడానికో, యాదయ్యను ఏడిపించడానికో చేస్తున్నారనుకున్నాను. పాస్‌వర్డ్ మార్చాను. కొత్తది ఎక్కడా రాయలేదు. అయినా అలారం పడింది. మరో రోజు తినడానికి పోకుండా డబ్బా తెచ్చుకుని బల్ల దగ్గరే తిన్నాను. ఆ రోజు పడలేదు. దాంతో నా అనుమానం గట్టిపడింది. ఎవరో నన్ను కనిపెట్టి చూస్తున్నారు.

ఆ వారమంతా నేను మనుషుల మొహాలు చూస్తూనే గడిపాను. టీ ఇచ్చే ఆమె నవ్వినా అనుమానమే. సెక్యూరిటీ గార్డు నమస్తే అన్నా అనుమానమే. చివరికి నా మనసు ఎలక్ట్రీషియన్ శంకర్ మీద నిలిచింది. తీగలన్నీ కలిసే జంక్షన్ డబ్బా తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. అక్కడ నా లైనుకు ఇంకో ఫోను తగిలిస్తే పెట్టెకు తేడా తెలియదు. పాత పాస్‌వర్డ్ అతనికి తెలుసు. కొత్తది నేను నొక్కుతుండగా చూసి ఉంటాడనుకున్నాను.

పోయి మేనేజర్‌కు చెప్పాను. ఆయన నా ముందే శంకర్‌కు ఫోన్ చేశాడు. శంకర్ మహబూబ్‌నగర్ దవాఖానలో ఉన్నాడు. భార్య కాన్పుకని రెండు రోజుల క్రితమే సెలవు పెట్టి పోయాడట. ఆ రెండు రోజులూ అలారం పడింది. నేను తల దించుకుని వచ్చేశాను.

సెలవు అయిపోయి వచ్చాక శంకర్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. కూతురు పుట్టిందని పేడా చేతిలో పెట్టాడు. ఆ తర్వాతే అన్నాడు.

“అక్కా, నన్నొక్క మాట అడిగితే అయిపోవు గదా.”

తప్పయింది అన్నాను. అతను పెట్టె వైపు చూశాడు. “శనివారం గీ ఫోను పీకి నీ వెంబడి ఇంటికి తీస్కపో. అప్పుడు ఎవడు జేస్తడో సూద్దాం” అన్నాడు.

అలాగే చేశాం. ఆ శనివారం సాయంత్రం శంకర్ నా ఫోను తీగ ఊడదీశాడు. గోడ సాకెట్ మీద తెల్ల టేపు వేసి ఇద్దరం దాని మీద సంతకాలు చేశాం. జంక్షన్ డబ్బా తాళం మీద కూడా టేపు, సంతకాలు. రిసెప్షన్ గదికి తాళం వేసి తాళంచెవి గేటు దగ్గర ఇచ్చి రిజిస్టర్‌లో రాయించాను. ఫోనును తువ్వాలలో చుట్టి నా సంచిలో పెట్టుకున్నాను.

ఇంట్లో బాపు చూసి, “గిదేంది బిడ్డా, ఆఫీసు ఫోను ఇంటికి తెచ్చినవ్?” అన్నాడు. బాగు చేయించాలని చెప్పాను. ఆదివారమంతా అది మా ఇంట్లో గోడ అల్మారాలో ఉంది. నేను దాని ముందే కూర్చుని కూరకు చియ్యలు కడిగాను, బాపుకు కండెలు చుట్టి ఇచ్చాను.

సోమవారం తొమ్మిదిన్నరకు మిల్లుకు చేరాను. గేటు రిజిస్టర్ చూశాను. ఆదివారం ఆ తాళంచెవి ఎవరూ తీసుకోలేదు. శంకర్‌ను పిలిచి ఇద్దరం కలిసే గది తెరిచాం. సాకెట్ మీద టేపు అలాగే ఉంది. జంక్షన్ డబ్బా మీదిదీ అలాగే ఉంది.

ప్రింటర్ కాగితం మీద మాత్రం ఒక వరుస ఉంది. ఆదివారం, పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు. 201 నుంచి 231కి అలారం. ఈసారి టైము మూడు పది కాదు. సోమవారం పది గంటల ఇరవై అయిదు నిమిషాలు.

శంకర్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. నేను ఫోను తగిలించి అలారం తీసేయబోయాను. రోజూ చేసే పనే కదా. అతను నా చేయి ఆపాడు.

“తీయకక్కా. మోగనీ. ఆడికే పోయి నిలబడదాం.”

గోదాం దగ్గరికి పోయేసరికి పదీ ఇరవై దాటింది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఫోను తలుపు పక్కన గోడకు ఉంటుంది. లోపల పత్తి బేళ్లు మనిషికి రెండింతల ఎత్తు పేర్చి ఉన్నాయి. ఆ వరుసల మధ్య సందులో యాదయ్య ఒక్కడే ఉన్నాడు. హమాలీలు ఇంకా రాలేదు. మేం ఆయనను పలకరించలేదు. ఆయనే మోగించుకుంటున్నాడేమో చూడాలనే పాడు బుద్ధి నాకు అప్పటికీ ఉంది.

ఫోను మోగింది. యాదయ్య సందులోంచి, “వస్తున్న, వస్తున్న” అనుకుంటూ బయటికి వచ్చాడు. మమ్మల్ని చూసి చేయెత్తాడు. రిసీవర్ చెవికి పెట్టుకుని హలో అన్నాడు.

ముందు ఆయన వెనక నుంచి ఒక గాలి వచ్చింది. ఆ తర్వాత చప్పుడు. మూడు వరుసల బేళ్లు ఒకదాని మీద ఒకటి ఆ సందులోకి ఒరిగిపోయాయి. ఒక్కో బేలు నలుగురు కలిస్తేగాని కదలదు. గోదాం అంతా పత్తి దుమ్ము లేచింది. అది దిగాక చూస్తే సందు లేదు.

యాదయ్య రిసీవర్ పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. శంకర్ పోయి దాన్ని ఆయన చేతిలోంచి తీసి పెట్టేశాడు.

నాకు ముందుగా వచ్చిన ఆలోచన ఒక్కటే. శంకర్ నా చేయి ఆపకపోతే ఆ అలారం నేను తీసేసేదాన్ని.

ఆ తర్వాత విచారణ జరిగింది. కింది వరుస తేమకు కుంగిందని తేల్చారు. అందులో వింత ఏమీ లేదు. ఫోన్ల కంపెనీ నుంచి హైదరాబాద్ టెక్నీషియన్ వచ్చాడు. పెట్టె విప్పి, కార్డులు చూసి, గడియారం చూసి, అన్నీ బాగున్నాయన్నాడు. 201 లైను ఊడదీసి ఉంటే ఆ వరుస పడే వీలే లేదన్నాడు. మరి పడింది కదా అంటే, “మీరు నిజంగనే ఊడదీసిన్రా?” అని అడిగాడు. ఆ కాగితం మేనేజర్ తీసుకున్నాడు. మళ్లీ నాకు ఇవ్వలేదు.

మూడు రోజులకు యాదయ్య, ఆయన భార్య షాద్‌నగర్‌లో నా గదికి వచ్చారు. ఆయన అప్పటి నుంచి పనికి పోలేదు. అన్నం కూడా సరిగా తినడం లేదని ఆమె చెప్పింది. ఫోను మోగిన చప్పుడు వింటే వణుకుతున్నాడట.

“మేడం, నిజం చెప్పు. నువ్వే గదా పెట్టినవ్?” అన్నాడు.

నేను కాదన్నాను.

“నువ్వు కాదంటే ఇంకెవరు? ఎవరో తెల్వకుంటే నేను మల్ల ఆ గోదాంల ఎట్ల అడుగు పెట్టాలె? ఇయ్యాల బతకనిచ్చిన్రు. రేపేం జేస్తరో ఎవరికెరుక?” అన్నాడు.

ఆమె నా వైపు చూసింది. బతిమాలినట్టు చూసింది.

“నేనే పెట్టిన యాదన్నా. బేళ్లు జర ఒరిగినట్టు కనిపించినయ్. నిన్ను బయటికి పిలవాలని పెట్టిన” అన్నాను.

ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. మర్నాడే పనికి పోయాడు. పోయినవాడు ఊరుకోలేదు. మేడం నా పానం కాపాడిందని మిల్లంతా చెప్పాడు.

అది మేనేజర్ దాకా పోయింది. ఆయన నన్ను పిలిచి, బేళ్లు ఒరిగాయని ముందే తెలిస్తే ఎందుకు రాసివ్వలేదని అడిగాడు. అలారం నాది కాదని ముందు చెప్పి, ఇప్పుడు నాదని ఎందుకంటున్నానని అడిగాడు. నిజం చెబితే యాదయ్య చెవిన పడుతుంది. చెప్పకపోతే తప్పు నాది. నేను ఏమీ మాట్లాడలేదు. నెలాఖరుకు నన్నే మానుకొమ్మన్నారు. మానేశాను.

పోయే రోజు శంకర్ బస్టాండ్ దాకా వచ్చాడు. బస్సు ఎక్కబోతుంటే అడిగాడు. “అక్కా, ఏమనుకోకు. ఆ ఫోను నిజంగ ఇంటికే తీస్కపోయినవా?”

అప్పుడు నాకు కోపం రాలేదు. ఎందుకంటే నేనూ రాత్రింబవళ్లు అతని గురించే ఆలోచిస్తున్నాను. ఫోను పీకమన్నది అతనే. అలారం తీయవద్దన్నదీ అతనే. టేపు చుట్ట అతనిదే. అతని దృష్టిలో ఆ ఫోను నా సంచిలో ఉంది, పాస్‌వర్డ్ నాకు తెలుసు. అతనికి నా మీద, నాకు అతని మీద అనుమానం. మా ఇద్దరిలో ఎవరు చేశారనుకున్నా ఒకచోట ఆగిపోవాల్సిందే. ఆ బేళ్లు ఆ నిమిషానికి పడతాయని ఆదివారం నాడు ఎవరికి తెలుసు?

అంతకుముందు రోజుల్లో మూడు పదికే ఎందుకు మోగిందో కూడా నాకు తెలియదు. ఆ టైముకు అక్కడ ఏమీ జరగలేదు.

ఇప్పుడు నల్గొండలో ఒక ఆఫీసులో ఇదే పని చేస్తున్నాను. యాదయ్య మిల్లు మానేసి మక్తల్ దగ్గర సొంత ఊరికి పోయాడు. రెండు మూడు నెలలకోసారి ఫోన్ చేస్తాడు. మనవరాలిని బడిలో వేశామనో, కంది బాగా కాసిందనో చెబుతాడు. పెట్టేసే ముందు ప్రతిసారీ ఒక మాట అంటాడు.

“నీ పుణ్యాన బతికిన బిడ్డా.”

అది ఎవరి పుణ్యమో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన అన్నప్పుడు మాత్రం నేను ఊ కొడతాను.